మన మృతులను సాగనంపుట: సంఘము బాధ్యత

(సంఘ పెద్దల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ దినములలో ఇటువంటి అంశము నాకెందుకు ఇచ్చినారని మొదట అనుకున్నాను. పెళ్ళి పందిట్లో చావు మాట ఎత్తినట్టున్నదని మీలో కొందరు కూడా అనుకోవచ్చు. అయితే ప్రతి గుడిలోను పెద్దలు భద్రపరచిన పుస్తకములు మూడు ఉన్నవి. ఒకటి బాప్తిస్మముల పుస్తకము, రెండవది వివాహముల పుస్తకము, మూడవది భూస్థాపనల పుస్తకము. మొదటి రెండింటిని గూర్చి వేడుకలు చేసుకుంటాము. మూడవదానిని తెరిచేవారు అరుదు. కాని నూరేళ్ళ సంఘములో ఆ మూడవ పుస్తకములోని పేర్లే ఎక్కువ. వారే మనకు గుడి కట్టి ఇచ్చినవారు. కాబట్టి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలోని మన సంఘములు తమ మృతులను ఎట్లు సాగనంపుతున్నవి, ఎట్లు సాగనంపవలెను అని ఈ పూట ఆలోచించుదాము.

ఒక ఇంట్లో ప్రాణము పోయిన తరువాత ఇరవైనాలుగు గంటలలో ఆ ఇంటివారు తేల్చవలసిన సంగతులు ఎన్నో చూడండి. డాక్టరు కాగితము, అయ్యగారికి కబురు, బెంగుళూరులో ఉన్న కొడుక్కు ఫోను, ఫ్రీజరు పెట్టె, శవపెట్టె, గుంత తవ్వే మనుషులు, షామియానా, వచ్చినవారికి కాఫీ, భోజనము, బండి, వీటన్నిటికి డబ్బు. కన్నీళ్ళతో కండ్లు కనబడని సమయములో ఈ లెక్కలన్నీ ఒక విధవరాలి తలమీద, లేదా పదహారేళ్ళ పిల్లవాని తలమీద పడుతున్నవి. నా మనవి ఒక్కటే. ఈ పని ఆ ఇంటిది మాత్రమే కాదు, సంఘము యొక్కది.

ఇది నేను కల్పించిన మాట కాదు. వేదములో శారా చనిపోయినప్పుడు అబ్రాహాము చేసిన పని జ్ఞాపకము చేసుకొనండి. ఊరివారు స్థలము ఊరకనే తీసుకొమ్మన్నా ఒప్పుకొనలేదు. ఊరి గవినియొద్ద అందరి ఎదుట నాలుగువందల తులముల వెండి తూచి ఇచ్చి, హద్దులతో, చెట్లతో సహా ఆ పొలమును తనదిగా స్థిరపరచుకొన్నాడు. వాగ్దాన దేశములో ఆయన కొన్న మొదటి భూమి సమాధి భూమియే. మన ప్రభువుకు సమాధి ఇచ్చినవాడు ఇంటివాడు కాదు, అరిమతయియ యోసేపు. సుగంధద్రవ్యములు తెచ్చినవాడు నీకొదేము. అపొస్తలుల కాలములో మోసికొనిపోయి పాతిపెట్టినవారు సంఘములోని పడుచువారు. దొర్కా చనిపోయినప్పుడు ఆమెకు స్నానము చేయించి మేడగదిలో పరుండబెట్టినవారు ఆమె తోటి విశ్వాసులు. అందరికీ తలా ఒక పని ఉండెను.

తరువాతి కాలములో కూడా అట్లే జరిగెను. సుమారు క్రీ.శ. 197లో ఉత్తర ఆఫ్రికాలోని తెర్తుల్లియను, సంఘములో నెలనెలా స్వచ్ఛందముగా వేసే కానుకలు దేనికి వాడతారో వ్రాస్తూ, బీదలను పోషించుటకును, వారిని పాతిపెట్టుటకును అని చెప్పినాడు. క్రైస్తవమునకు విరోధియైన జూలియను చక్రవర్తి సహితము 362లో ఒక పూజారికి వ్రాసిన ఉత్తరములో, ఈ మతము ఇంతగా వ్యాపించుటకు కారణములు చెప్పుచు, పరదేశులపట్ల దయతోపాటు మృతుల సమాధులపట్ల వారు చూపే శ్రద్ధను కూడా పేర్కొన్నాడు. శత్రువు ఇచ్చిన సాక్ష్యము కాబట్టి దీనికి బరువు ఎక్కువ.

మొదటి గంటలు

ఇక మన ఊళ్ళ సంగతికి వస్తాను. ఇంట్లో చనిపోయినా, ఆసుపత్రిలో చనిపోయినా మొదట కావలసినది డాక్టరు మాట. చివరి జబ్బుకు వైద్యము చేసిన డాక్టరు మరణ కారణమును తెలిపే ధ్రువపత్రము రుసుము లేకుండా ఇవ్వవలెనని జనన మరణముల రిజిస్ట్రేషన్ చట్టములో ఉన్నది. ఆ కాగితమును జాగ్రత్తగా ఉంచండి. నేత్రదానము చేయదలచిన కుటుంబము అయితే ఆరు గంటలలోపల కబురు చేయవలెను. కండ్లు మూసి, రెప్పలమీద తడిగుడ్డ వేసి, ఫ్యాను ఆపి ఉంచితే చాలును.

మరణము సహజమైనది కానప్పుడు, అనగా రోడ్డు ప్రమాదము, పురుగుల మందు, ఉరి, కరెంటు షాకు, పిడుగుపాటు, పాము కాటు, అనుమానాస్పదమైన మరేదైనా ఉన్నప్పుడు, పోలీసులకు తెలుపకుండా పాతిపెట్టరాదు. ఇంతకుముందు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షను అనేవారు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 194వ సెక్షను. మనవాళ్ళు పోస్టుమార్టము అనగానే భయపడి, "ఎందుకొచ్చిన గొడవలే" అని చీకట్లో పని ముగించాలని చూస్తారు. దానివలన రెండు నష్టములు. తరువాత ఎవరైనా అర్జీ పెడితే గుంత తిరిగి తవ్వవలసి వస్తుంది. అంతకంటె ముఖ్యముగా, ప్రమాద బీమా ఉన్నా పోలీసు కాగితము, పోస్టుమార్టము రిపోర్టు లేక ఆ డబ్బు పిల్లలకు దక్కకుండా పోతుంది.

పోస్టుమార్టము అవమానము కాదు. జమ్మలమడుగులో పుట్టి, అక్కడి మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసి, ముఖ్యమంత్రియైన వై.ఎస్. రాజశేఖర రెడ్డిగారు 2009 సెప్టెంబరు 2న హెలికాప్టరు ప్రమాదములో మరణించినప్పుడు, వారి దేహమును కూడా మొదట కర్నూలు ఆసుపత్రికే తీసుకొనిపోయినారు. పోస్టుమార్టము అయిన తరువాతనే 4వ తేదీన ఇడుపులపాయలో క్రైస్తవ క్రమము ప్రకారము భూస్థాపన జరిగినది. ముఖ్యమంత్రికి వర్తించిన చట్టమే మన ఇంటికి కూడా వర్తిస్తుంది.

పురుగుల మందు మాట ఎత్తినాను గనుక మరొక మాట. తన ప్రాణము తానే తీసుకొన్నవారి ఇంటికి వెళ్ళుటకు కొందరు పెద్దలు వెనుకాడతారు. అప్పుల బాధతో, తీరని జబ్బుతో, మనసు చెదిరి అట్లు చేసినవారి తీర్పు దేవునిది. ఆ వాకిట్లో కూర్చున్న తల్లి మాత్రము మనది. మిగిలిన ఇళ్ళకంటె ఆ ఇంటికే ముందు వెళ్ళవలెను.

ఎంతసేపు ఉంచవలెను?

దూరమున ఉన్న పిల్లలు రావలెనని ఎదురుచూచుట సహజమే. కాని ఎండాకాలములో మన జిల్లాలో నలబై డిగ్రీలు దాటే ఎండలో శవమును బయట ఉంచి ఎదురుచూడరాదు. ఫ్రీజరు పెట్టె బాడుగకు దొరుకుతుంది. అది తెచ్చేముందు ఆ వీధిలో కరెంటు ఉన్నదో లేదో చూచుకొనవలెను. ఒక్క బిడ్డకోసము ఒక రాత్రి ఆగవచ్చును. వచ్చిపోయే నాయకుల కోసము ఆగవలసిన పనిలేదు.

మన దత్తమండలములకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరైన థామస్ మన్రో తరువాత మద్రాసు గవర్నరైనాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించినాడు. అధికారమంతా చేతిలో ఉన్న గవర్నరును కూడా మద్రాసు దాక మోయలేదు, గుత్తిలో పాతిపెట్టినారు. 1831లో గాని ఆయన అవశేషములను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించలేదు. దగ్గరనున్న చోట, తగిన వేళలో, గౌరవముగా సాగనంపుటలో తక్కువతనము లేదు.

ఈ మాట కువైటు మరణముల విషయములో మరింత అవసరము. మన జిల్లానుండి ఇంటిపనికి, డ్రైవరు పనికి వెళ్ళినవారు వేలమంది ఉన్నారు. అక్కడ ఎవరైనా చనిపోతే, దేహము ఇంటికి చేరుటకు అక్కడి మరణపత్రము, రద్దుచేసిన పాస్‌పోర్టు, భారత రాయబార కార్యాలయము వారి అనుమతి పత్రము, దేహము చెడకుండ మందులు ఎక్కించినట్టు సర్టిఫికెట్టు, ఇంటివారి సమ్మతి, ఇవన్నీ కావలెను. రోజులు పడతాయి, ఒక్కొక్కప్పుడు వారములు పడతాయి. పని ఇచ్చినవారు ఖర్చు పెట్టకపోతే, 2009లో కేంద్ర ప్రభుత్వము ఏర్పాటుచేసిన భారతీయ సమాజ సంక్షేమ నిధినుండి సహాయము చేయుమని రాయబార కార్యాలయమును అడుగవచ్చును. పదవ తరగతి చదవనివారు వెళ్ళేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయించుకొని ఉంటారు. ప్రమాదములో మరణిస్తే దానిలో పది లక్షలు వస్తుంది. ఆ పాలసీ నకలు ఇంట్లో ఒకటి ఉండవలెను. మన సంఘములలో కువైటులో ఎవరెవరున్నారు, వారి పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఎవరి దగ్గర ఉన్నది అని స్త్రీల మైత్రి వారు ఒక పట్టీ వ్రాసిపెట్టితే ఎంతో మేలు.

దేహము తెప్పించలేని స్థితి వచ్చి అక్కడే పాతిపెట్టవలసి వస్తే, అది అనాథ చావు అని ఏడ్వనక్కరలేదు. తెలుగువారికి సువార్త తెచ్చిన లండన్ మిషను వారు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్టణము చేరి, ఒకరు 1809లో, మరొకరు 1810లో కన్నుమూసినారు. కన్నవారికి వేల మైళ్ళ దూరములో, మన తెలుగు మట్టిలోనే వారు విశ్రమించుచున్నారు. కాని ఆ ఇంటివారి కోసము ఇక్కడి గుడిలో పూర్తి ఆరాధన జరిపించవలెను. పెట్టె లేదని ప్రార్థన తగ్గించరాదు.

పెట్టె, గుంత, రాయి

స్నానము చేయించుట, బట్టలు కట్టుట ఇంటివారికి దగ్గరైన స్త్రీలు, పురుషులు చేయవలసిన ప్రేమపూర్వకమైన పని. దీనిని కూలికి అప్పగించే అలవాటు పట్టణములలో వస్తున్నది. చేతనైనంతవరకు మనమే చేద్దాము. పెట్టె విషయములో వడ్రంగివారికి కొలత, వేళ స్పష్టముగా చెప్పవలెను. అద్దాలు, జరీ, పూలపని పెట్టిన పెట్టె అయినా, మామూలు చెక్కపెట్టె అయినా మట్టి క్రిందికి పోయేదే. సంఘము అందరికీ ఒకే విధమైన పెట్టెను నిర్ణయిస్తే, ఉన్నవారికి గొప్ప చూపించవలెననే పోటీ ఉండదు, లేనివారికి సిగ్గు ఉండదు.

గుంత త్రవ్వుట నేలను బట్టి ఉంటుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పక్కల నల్లరేగడి. వానకాలములో పక్కలు విరిగి పడతాయి, ఎండాకాలములో నెర్రెలు విచ్చుతాయి. పులివెందుల పక్క రాతినేల. పలుగు దిగక పూటంతా పడుతుంది. అక్కడ సాయంత్రము నాలుగింటికి భూస్థాపన అనుకుంటే తెల్లవారకముందే మనుషులు దిగవలెను. ఆరడుగుల లోతు మన వాడుక. వంక పక్కన, ఏటి పక్కన ఉన్న స్థలములలో లోతు తగ్గిస్తే తరువాతి వరదకు ఏమగునో చెప్పనక్కరలేదు. గుంత తవ్వేవారికి కూలి, భోజనము ముందుగా మాట్లాడండి. చీకటిపడే వేళ సమాధి పక్కన నిలబడి కూలి కోసము వాదులాడుట మృతునికి గౌరవము కాదు, కూలివానికి న్యాయమూ కాదు.

సిమెంటు సమాధి కట్టవలెనంటే కనీసము ఒక వానకాలము ఆగండి. రేగడి నేల కుంగుతుంది, తొందరపడి కట్టినవి ఏడాది తిరగకుండ బీటలు వారతాయి. మన ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పక్కల తీసే కడప బండ ఒకటి తలవైపు నిలబెట్టి, పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ చెక్కిస్తే అది మన మనుమల కాలమువరకు నిలుస్తుంది. నాలుగు సమాధులు పట్టే చోట ఒక్క పాలరాతి కట్టడము వేస్తే, ఇంకా ముగ్గురు బీదలకు చోటు పోయినట్టే. సంఘము ఒక పటము గీయించి, వరుస సంఖ్య, గుంత సంఖ్య భూస్థాపనల పుస్తకములో వ్రాయించవలెను. ఫలానా మా అవ్వ ఎక్కడున్నది అని అడిగే మనుమనికి చూపించగలిగే సంఘము ఎంత ధన్యము!

ఆరడుగుల నేల

ఇప్పుడు చెప్పబోయేది కొంచెము కష్టమైన సంగతి. మన సమాధుల తోటల కాగితములు ఎక్కడున్నవి? లండన్ మిషను వారు 1822లో కడపలో పని ప్రారంభించిననాటినుండి, తరువాత పల్లెపల్లెకు సంఘములు ఏర్పడినప్పుడు, ఎక్కువగా మాలపల్లె, మాదిగపల్లెలలోని మన పెద్దలకు శవములు పాతిపెట్టుటకు దొరికిన చోటు వంక పోరంబోకు, ఏటి గట్టు, గుట్టవాలు. ఆ చోటు మాట వరసకు మనది. రికార్డులలో మాత్రము ఏమి వ్రాసి ఉన్నదో చాలామందికి తెలియదు. కొన్ని చోట్ల మిషను కొన్న భూమి, 1947 తరువాత సి.ఎస్.ఐ. ట్రస్ట్ అసోసియేషన్ పేర ఉండవచ్చు. కొన్ని చోట్ల శ్మశాన పోరంబోకు కావచ్చు. ఊరు పెరిగింది, ప్లాట్లు పడినవి, పక్క పొలము గట్టు ఏడాదికొక అడుగు లోపలికి జరుగుతున్నది. చావు వచ్చిన రోజున గట్టుమీద కొట్లాడుటకంటె, ప్రశాంతముగా ఉన్న రోజున సర్వే నంబరు తీసుకొని, కొలిపించి, కంచె వేయుట మేలు కదా? శ్మశాన స్థలముల నిర్వహణ గ్రామ పంచాయతీ పనులలో ఒకటిగా 1994 పంచాయతీరాజ్ చట్టములో చేరియున్నది. పట్టణములలో మునిసిపాలిటీ ఉన్నది. అడుగుట మన హక్కు.

అడుగకపోతే ఏమగునో ఇతర రాష్ట్రముల అనుభవము చూడండి. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా ఛింద్‌వాడ గ్రామములో ఒక క్రైస్తవ పాస్టరు చనిపోతే, ఆ ఊరి శ్మశానములో పాతిపెట్టనివ్వలేదు. సుమారు ఇరవై రోజులు దేహము మార్చురీలోనే ఉండిపోయినది. కుమారుడు సుప్రీంకోర్టు దాక వెళ్ళవలసి వచ్చెను. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు వేర్వేరు తీర్పులు చెప్పినారు. ఇక ఆలస్యము తగదని, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరమున్న వేరొక గ్రామములోని క్రైస్తవ స్థలములో భూస్థాపన చేయుమని, రెండు నెలలలో క్రైస్తవులకు స్థలములు గుర్తించుమని ఆదేశించినారు. అబ్రాహాము సాక్షుల ఎదుట వెండి ఎందుకు తూచి ఇచ్చెనో ఇప్పుడు బోధపడుతుంది.

అయితే పరులు అడ్డుపెట్టుటను గూర్చి ఇంత చెప్పిన మనము, మన లోపలి అడ్డులను గూర్చి మౌనముగా ఉండరాదు. అవి రెండు. మొదటిది, ఒకే సమాధుల తోటలో ఈ పక్క వీరు, ఆ పక్క వారు అని కులమును బట్టి గీసిన గీత. బల్లయొద్ద ఒకే గిన్నెలో పాలుపొందినవారు మట్టిలో వేరుకావలసిన పని ఏమి? పునరుత్థాన దినమున ఏ పక్కనుండి మొదట లేస్తారో అని ఎవరైనా కనిపెట్టి ఉన్నారా? ఇకమీదట వరుస ప్రకారము, వచ్చినవారికి వచ్చినట్లు గుంత ఇవ్వవలెను.

రెండవది, చందా బాకీ. ఒక ఊళ్ళో నేను కండ్లారా చూసిన సంగతి చెబుతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు అనవసరము. బీడీలు చుట్టి బ్రదికే ఒక ఇంట్లో తండ్రి పోయినాడు. పెద్దలు వచ్చి కూర్చున్నారు. ఆదరణ మాట ఒకటి చెప్పకముందే పుస్తకము తెరిచి, నాలుగేళ్ళ చందా బాకీ ఉన్నది, అది కడితేగాని గుడి గంట మ్రోగదు, తోటలో చోటు లేదు అన్నారు. ఆ ఇల్లాలు లోపలికి పోయి చెవుల కమ్మలు తీసి కొడుకు చేతిలో పెట్టింది. పిల్లవాడు సైకిలెక్కి వడ్డీవ్యాపారి దగ్గరికి పోయి వచ్చేసరికి మధ్యాహ్నము దాటింది. తరువాత గంట మ్రోగింది, పాటలు పాడినాము, ప్రార్థన చేసినాము. కాని నలుగురు ముసలివాళ్ళు తప్ప ఆ ఇంటివారెవరూ మరుసటి ఆదివారము గుడికి రాలేదు, ఆపైన కూడా రాలేదు. నాలుగేళ్ళ చందా వసూలయింది. ఒక కుటుంబము పోయింది.

చందా ఇవ్వవలసిందే. గుడి దీపము, గురువు జీతము దానిమీదనే నడుస్తాయి. కాని దానిని వసూలు చేసే చోటు శవపు తలాపి కాదు. బ్రతికి ఉన్నప్పుడు ఇంటికి వెళ్ళి, ఎందుకు ఇవ్వలేకపోతున్నారో విచారించినామా? విచారించి ఉంటే ఆ ఇంట్లో జబ్బు ఉన్నదని నాలుగేళ్ళ క్రిందనే తెలిసేది. కాబట్టి పెద్దల ఎదుట నేను గట్టిగా అడుగుచున్నాను. బాకీ కారణముగా భూస్థాపన ఆపరాదని, ఆలస్యము చేయరాదని ప్రతి పాస్టరేటు కమిటీ తీర్మానము వ్రాసి, గుడి గోడకు అంటించవలెను. నోటి మాట చాలదు. పెద్దలు మారతారు, గోడమీద కాగితము మిగులుతుంది.

డబ్బు సంగతి

"మరి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?" అని మీరు అడుగుతారు, అడుగవలసిందే. తెర్తుల్లియను చెప్పిన నెల కానుకే దీనికి జవాబు. నూట యాభై కుటుంబములున్న సంఘములో ఇంటికి నెలకు ఇరవై రూపాయలు వేరుగా తీసిపెడితే నెలకు మూడువేలు, ఏడాదికి ముప్పై ఆరువేలు. దీనిని చందాతో కలపక, బ్యాంకులో వేరు ఖాతాలో, ముగ్గురి సంతకములతో ఉంచండి. ఒకరు స్త్రీల మైత్రినుండి ఉండవలెను. ఇంట్లో చావు జరిగిన గంటలో పెట్టెకు, గుంతకు, బండికి సరిపడే డబ్బు అడగకుండానే ఆ ఇంటికి చేరవలెను. ఇచ్చినది తిరిగి అడగరాదు. ఉన్నవారు తమంతట తాము నిధికి తిరిగి వేస్తే సంతోషము.

భోజనముల విషయము కూడా చెప్పవలెను. భూస్థాపన నాడు దూరమునుండి వచ్చినవారికి అన్నము పెట్టుట ధర్మమే. అయితే ఆదరణ కూటము పేరట పెళ్ళిని మించిన విందు చేయుట, ఫ్లెక్సీలు కట్టుట, మాంసము సరిపోలేదని బంధువులు అలుగుట, ఇవి ఆదరణ కాదు, అప్పు. చనిపోయినవాని ఆసుపత్రి అప్పుమీద విందు అప్పు తెచ్చి ఆ ఇల్లాలి మెడకు కట్టుచున్నాము. మూడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకుండా ఇరుగుపొరుగు విశ్వాసులు వంతులవారీగా అన్నము తీసుకొనిపోతే అదే నిజమైన ఆదరణ. ఇక సమాధి పక్కన గాజులు పగులగొట్టుట, బొట్టు చెరుపుట వంటి వాడుకలు మన ఆరాధన క్రమములో లేవు. భర్త పోయిన దుఃఖము చాలదన్నట్లు ఆ తల్లిని నలుగురిలో నిలబెట్టి శిక్షించినట్లున్నది. పెద్ద వయసు స్త్రీలు ముందుండి దీనిని మానిపించవలెను.

మట్టి వేసిన తరువాత

పని మట్టితో ముగియదు. మరణమును ఇరవైయొక్క రోజులలోపల రిజిస్టరు చేయించవలెను. గ్రామములో పంచాయతీలో, పట్టణములో మునిసిపాలిటీలో. ఆసుపత్రిలో జరిగితే ఆసుపత్రివారే తెలుపుతారు, అయినా తెలిపినారో లేదో మనము విచారించుకొనవలెను. ఆ గడువు దాటితే ముప్పై రోజులవరకు ఆలస్య రుసుముతోను, ఏడాదివరకు అధికారి అనుమతితోను చేయించవచ్చును. ఏడాది దాటితే, 2023లో వచ్చిన సవరణ ప్రకారము జిల్లా మేజిస్ట్రేటు లేక సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు వంటి అధికారి ఉత్తర్వు కావలెను. గుడి ఇచ్చే భూస్థాపన పత్రము మంచిదే గాని, ప్రభుత్వ మరణ ధ్రువపత్రమునకు బదులు కాదు. పింఛను, బ్యాంకు, బీమా, భూమి, అన్నిటికీ ఆ పత్రమే తాళపుచెవి. బ్యాంకు పుస్తకములో ఏడాదికి 436 రూపాయలు కట్ అయినట్టు ఉంటే అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా. దానిలో రెండు లక్షలు నామినీకి వస్తుంది. పుస్తకము చదువలేని తల్లులు ఈ డబ్బు ఉన్నదని తెలియకనే పోగొట్టుకొంటున్నారు. చదువుకొన్న యౌవనస్థుడు ఒకడు వెంట వెళితే చాలును.

ఆస్తి విషయములో మన క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తిస్తుంది. వీలునామా లేక చనిపోయిన భర్తకు పిల్లలుంటే, భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానముగా. ఇందులో కొడుకు, కూతురు అనే భేదము లేదు. దినముల నాడు పెద్దమనుషులు కూర్చుని "ఆడబిడ్డకు ఏముందిలే" అని పంచుట చట్టము కాదు. అదే చట్టము 320వ సెక్షనులో ఇంకొక మాట ఉన్నది. చనిపోయినవాని ఆస్తినుండి, వాని తాహతుకు తగినంత మేరకు అంత్యక్రియల ఖర్చును, చివరి జబ్బు ఖర్చును మిగిలిన అప్పులన్నిటికంటె ముందు చెల్లించవలెను. వడ్డీవ్యాపారి నోటుకన్న పెట్టె ఖర్చు ముందు అన్నమాట. వాకిట్లోకి వచ్చి అప్పు అడిగేవారికి ఈ సంగతి చెప్పగల పెద్ద ఒకరు ఆ ఇంట్లో కూర్చుని ఉండవలెను.

సహోదరులారా, నేను మీ ఎదుట పెట్టుచున్నవి అయిదు కోరికలు. ప్రతి సంఘములో భూస్థాపన నిధి వేరుగా ఉండవలెను. బాకీ కారణముగా ఎవరి సమాధిని ఆపము అని తీర్మానము ఉండవలెను. సమాధుల తోట సర్వే నంబరు, హద్దులు, పటము గుడి బీరువాలో ఉండవలెను. గుంత, పెట్టె, బండి, కాగితములు చూచుకొనుటకు ఆరుగురు పేర్లు, ఫోను నంబర్లతో గుడి తలుపు దగ్గర వ్రాసి ఉండవలెను. వారిలో ఇద్దరు స్త్రీలు, ఇద్దరు యౌవనస్థులు ఉండవలెను. చివరిగా, ఈ ఏడాది మనము పాతిపెట్టిన ప్రతివారి ఇంటికి నలభయ్యవ నాడు కాక, ఆరు నెలల తరువాత కూడా ఒకసారి వెళ్ళవలెను. మొదటి వారములో అందరూ వస్తారు. ఆరు నెలలకు ఇల్లు నిజముగా ఖాళీగా ఉంటుంది.

వీటిలో దేనికీ బిషప్పుగారి అనుమతి అక్కరలేదు, విదేశీ ధనము అక్కరలేదు. వచ్చే కమిటీ కూటములో మొదటి అంశముగా తీసుకొంటే చాలును. ఈ రాత్రి మన మూడు తాలూకాలలో ఎక్కడో ఒక ఇంట్లో మూలుగు వినబడుతూనే ఉంటుంది. రేపు ఉదయము ఆ తలుపు తట్టేవారు ఎవరో ఈనాడే నిర్ణయించుకొని ఇళ్ళకు వెళ్ళుదాము. ప్రభువు మనకు ఆ మనసు దయచేయునుగాక. ఆమెన్.